సుహైల్: ఆగస్టు 24న పుట్టిన మనవడికి ఏ పేరు?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అబ్బాయి కువైట్‌లో డ్రైవరు. ఈ ఆగస్టు 24న మాకు మనవడు పుట్టాడు. కబురు విని అక్కడి యజమాని, "ఇవాళే సుహైల్ వచ్చాడు, మీవాడికి ఆ పేరే పెట్టు" అన్నాడట. మా అబ్బాయికి నచ్చింది. ఇంట్లో మాత్రం తలా ఒక మాట. పేర్ల పుస్తకంలో అర్థం 'సులభం' అని ఉంది, మనిషికి ఆ పేరేమిటని మా ఆవిడ. అది చుక్క పేరు, పెట్టకూడదని ఒకరు. ప్రవక్త గారిని ఎదిరించినవాడి పేరని ఇంకొకరు. కోడలికేమో ఎవరికీ లేని పేరు కావాలి. ఆసుపత్రి కాగితంలో అప్పుడే 'సోహెల్' అని రాసేశారు కూడా. ఈ పేరుకు అసలు అర్థమేమిటి? పెట్టవచ్చా? ఇది అరుదైనదేనా? కాగితాల్లో ఎలా రాయించాలి?

జవాబు: అయ్యా, మనవడు పుట్టినందుకు ముబారక్. పేరు నిక్షేపంగా పెట్టుకోండి. మీ ఇంట్లో వినిపించిన ప్రతి మాటలోనూ కొంత నిజం ఉంది. ఏదీ పూర్తి నిజం కాదు. అందుకని ఒక్కొక్కటే విప్పి చెబుతాం. కాగితాల సంగతి చివరలో రాస్తున్నాం గానీ, గడువు ఉన్నది దానికే. కాబట్టి ఇంట్లో చదువుకున్నవాళ్ళను ముందు ఆ భాగం చూడమనండి.

అరబీలో ఈ పేరు నాలుగక్షరాలు: సీన్, హే, యే, లామ్. సీన్ మీద పేష్ ('ఉ' గుర్తు), హే మీద జబర్ ('అ' గుర్తు). ధాతువు స-హ-ల. దాని నుంచి వచ్చిన 'సహ్ల్' అనే మాటకు సులువైనది అని ఒక అర్థం, ఎత్తుపల్లాలు లేని చదును నేల అని ఇంకో అర్థం. రాళ్ళగుట్టల్లో పడి వచ్చిన బాటసారికి చదును నేల ఎంత హాయో ఆలోచిస్తే ఈ రెండూ ఒకటే అర్థమని తెలుస్తుంది. అరబ్బులు ఇంటికొచ్చినవాళ్ళను 'అహ్లన్ వ సహ్లన్' అని పలకరిస్తారు కదా, మీ అబ్బాయి రోజూ వినే మాటే. మీవాళ్ళ దగ్గరికే వచ్చారు, మెత్తని నేల మీదే అడుగు పెట్టారు అని దాని భావం. ఖుర్ఆన్‌లో సుహైల్ అనే పేరు లేదు. కానీ ఇదే ధాతువు ఏడో సూరా (అధ్యాయం) 74వ ఆయత్‌లో (వాక్యంలో) ఉంది. సమూద్ జాతి వాళ్ళు మైదానాల్లో భవనాలు కట్టుకున్నారని చెప్పేచోట ఆ మైదానాలకు వాడిన మాట 'సుహూల్'. అంత దూరం వెళ్ళక్కర్లేదు కూడా. తెలంగాణలో 'మా ఊరికి బస్సు సౌలతు లేదు' అంటారు. ఆ సౌలతు ఉర్దూ 'సహూలత్' నుంచి వచ్చింది. అదీ ఈ ధాతువు బిడ్డే.

సహ్ల్ సుహైల్ అయ్యే పద్ధతిని అరబీ వ్యాకరణంలో తస్గీర్ అంటారు. మొదటి హల్లుకు 'ఉ', రెండోదానికి 'అ' ఇచ్చి, ఆ వెనక ఒక 'య్' చేరిస్తే పెద్ద మాట చిన్నదవుతుంది, లేదా ముద్దు మాట అవుతుంది. హసన్ నుంచి హుసైన్, అబ్ద్ నుంచి ఉబైద్, సేన అనే అర్థమున్న జుంద్ నుంచి జునైద్ ఇలా వచ్చినవే. మనం 'చిన్నోడా', 'బుజ్జోడా' అని పేరుకు బయట తగిలించే ముద్దును వాళ్ళు పేరు లోపలి అచ్చుల్లోనే దాచుకుంటారు. కాబట్టి మీ ఆవిడకు చెప్పవలసిన అర్థం వట్టి 'సులభం' కాదు. అరబీలో 'సహ్లుల్ ఖులుఖ్' అంటే కలుపుగోలు మనిషి, కోపతాపాలు లేని నెమ్మదస్తుడు. ఆ గుణానికి ముద్దు పేరు సుహైల్.

ఆవిడ అభ్యంతరం కొత్తది మాత్రం కాదు, 1,400 ఏళ్ళ నాడే ఒకాయన అదే అన్నాడు. ఆయన పేరు హజ్న్. హజ్న్ అంటే గరుకు నేల, సహ్ల్‌కు సరిగ్గా ఎదురు మాట. ప్రవక్త ముహమ్మద్ (స) ఆయనతో 'ఇకనుంచి నువ్వు సహ్ల్' అన్నారు. 'చదును నేలను అందరూ తొక్కుతారు, నాకు వద్దు' అని ఆయన ఒప్పుకోలేదని ఒక హదీసు. తండ్రి పెట్టిన పేరు మార్చుకోనన్నాడని ఇంకో హదీసు. ఆయన మనవడు సయీద్ ఇబ్నుల్ ముసయ్యబ్ మదీనాలో పేరుమోసిన పండితుడు. ఆ గరుకుదనం మా ఇంటివాళ్ళను వదలనేలేదని తర్వాత చెప్పుకొచ్చాడు. ప్రవక్త తానుగా ఇవ్వజూపిన పేరు సహ్ల్. దాని ముద్దు రూపాన్ని మనిషికి తగని పేరని ఎలా అనగలం?

ఇక్కడ అక్షరాల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. తెలుగులో, ఉర్దూ ఉచ్చారణలో కలిసిపోయే శబ్దాలు అరబీలో వేరువేరు. అరబీలో 'హ'కు ఛోటీ హే, బడీ హే అని రెండు అక్షరాలున్నాయి, ఈ పేరులో ఉన్నది ఛోటీ హే. బడీ హే పెట్టి రాస్తే ధాతువే మారిపోతుంది, సముద్రతీరం అనే అర్థమున్న 'సాహిల్' కుటుంబంలోకి వెళుతుంది. అలాగే సీన్ బదులు స్వాద్ రాస్తే 'సహీల్' అని చదువుతారు, అంటే గుర్రం సకిలింపు. పిల్లవాడి అఖీఖా వేడుకకు పత్రికలు అచ్చువేయించేటప్పుడు, ఉంగరం మీదో గోడ మీదో పేరు చెక్కించేటప్పుడు జరిగే తప్పులు ఈ రెండే. అచ్చుకు ఇచ్చే ముందు సీన్, ఛోటీ హే, యే, లామ్ అని నోటితో చెప్పి సరిచూడండి. అక్షరాలకు అంకెలిచ్చి కూడే అబ్జద్ లెక్క కూడా కొందరు అడుగుతారు: 60, 5, 10, 30 కలిపి 105. ఆ అంకెను బట్టి పేరు మంచిదనో చెడ్డదనో తేల్చడానికి ఆధారమేమీ లేదు, దాని మీద డబ్బు ఖర్చు పెట్టకండి.

ఇక చుక్క సంగతి. రాత్రి ఆకాశంలో అన్నిటికంటే ప్రకాశమైన నక్షత్రం లుబ్ధకం. రెండోది సుహైల్. ఇంగ్లీషులో కనోపస్ అంటారు. మనకిది కొత్త చుక్కేం కాదు, మన అగస్త్య నక్షత్రమే. పంచాంగాల్లో కనిపించే 'అగస్త్యోదయం' దీని ఉదయమే. అగస్త్యుడు ఉదయిస్తే వానాకాలపు బురద నీరు తేరుకుంటుందని మన పెద్దలు చెప్పుకున్నారు. సుహైల్ ఉదయిస్తే రాత్రి చల్లబడుతుందని అరబ్బులు చెప్పుకున్నారు. చుక్క ఒకటే, ఋతువు మలుపూ ఇంచుమించు ఒకటే. రెండు చోట్లా దాన్ని దక్షిణానికి వెళ్ళి తిరిగిరానివాడిగానే చూశారు. మన కథలో అగస్త్యుడు వింధ్య దాటి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అరబ్బుల కథలో సుహైల్ 'జౌజా'ను పెళ్ళాడాడు. జౌజా అంటే మనం మృగశిరను చూసే ఆ చుక్కల గుంపు. ఆ పెళ్ళి ఆమె ప్రాణం మీదికి తెచ్చింది. సుహైల్ భయపడి దక్షిణానికి పారిపోయాడు. అతని చెల్లెళ్ళు ఇద్దరూ షిఅరా అనే పేరున్న చుక్కలే. ఒకామె పాలపుంత ఏరు దాటి అన్న వెంట వెళ్ళింది, ఆమే లుబ్ధకం. అందుకే దానికి 'దాటినది' అని అర్థం వచ్చే 'అబూర్' అనే పేరు. రెండో ఆమె ఇవతలి ఒడ్డునే ఉండిపోయి కళ్ళు పుసులు కట్టేదాకా ఏడ్చింది, ఆమె 'గుమైసా'. ఆకాశం చూస్తే కథ ఎలా పుట్టిందో అర్థమవుతుంది. లుబ్ధకం పాలపుంతకు దక్షిణపు ఒడ్డున, గుమైసా ఉత్తరపు ఒడ్డున ఉంటాయి, అగస్త్యుడు ఇంకా దిగువన దిక్చక్రానికి దగ్గరగా ఒంటరిగా ఉంటాడు.

చుక్క పేరు పెట్టకూడదన్న మాటకు ఆధారం లేదు. అర్థం బాగాలేని పేర్లను ప్రవక్త మార్చిన సందర్భాలు చాలానే ఉన్నాయి. సుహైల్ పేరుతో ఆయన సహచరులు కొందరున్నా ఎవరి పేరూ మార్చలేదు. పైగా ఖుర్ఆన్ 53వ సూరా 49వ ఆయత్ అల్లాహ్‌ను 'షిఅరాకు ప్రభువు' అంటుంది. చుక్కను పూజించడం తప్పు, చుక్క పేరుతో పిల్లవాణ్ణి పిలవడం తప్పు కాదు.

మీ అబ్బాయి యజమాని అన్న ఆగస్టు 24 మాట లెక్క ప్రకారం చెప్పింది. కొన్ని నెలలు సూర్యుడి వెలుగులో కనిపించకుండా పోయిన సుహైల్ ఆ తేదీకి తెల్లవారుజామున దక్షిణాన మళ్ళీ పొడుస్తాడని అరేబియా నడిబొడ్డున లెక్క. ఎంత ఉత్తరానికి పోతే అంత ఆలస్యంగా కనిపిస్తాడు. కువైట్‌లో కంటికి ఆనేది సెప్టెంబరు మొదటి వారంలో. ఎండ ఆ రోజే తగ్గిపోదు, పగళ్ళు అలాగే మండుతాయి. ముందుగా మారేది రాత్రులే. అక్కడ ఒక సామెత ఉంది: సుహైల్ పొడిస్తే రాత్రిపూట ఖర్జూరాన్ని తడుముకో. చీకట్లో చేత్తో పట్టుకున్నా మెత్తదనం తెలిసేంతగా పండు మాగిందని అర్థం. గల్ఫ్ తీరంలో పాత రోజుల్లో పడవలవాళ్ళు, తోటలవాళ్ళు ఏడాదిని సుహైల్ ఉదయంతోనే మొదలుపెట్టి పదేసి రోజుల చొప్పున లెక్క కట్టుకునేవారు. ఆ లెక్కకు దురూర్ అని పేరు. ఆ చుక్క మీద మమకారం ఇప్పటికీ తగ్గలేదు. ఖతర్ 2013లో, 2018లో ప్రయోగించిన ఉపగ్రహాలకు పెట్టింది ఈ పేరే. గల్ఫ్ నావికులు ఆగ్నేయపు గాలిని సుహైలీ అన్నారు. బొంబాయిలో టేకుతో కట్టిన ఒక చిన్న తెరచాప పడవకు ఆ గాలి పేరే పెట్టారు. ఎక్కడా ఆగకుండా, ఒక్కడే ప్రపంచాన్ని చుట్టివచ్చిన మొదటి నావికుడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968-69లో నడిపింది ఆ పడవనే.

ఆ గల్ఫ్ యాసే మీ కాగితంలో 'సోహెల్' దూరడానికి ఒక కారణం కావచ్చు. అక్కడివాళ్ళు 'ఐ'ని 'ఏ'గా పలుకుతారు. ఇల్లు అనే అర్థమున్న 'బైత్' వాళ్ళ నోట 'బేత్' అయినట్టే సుహైల్ 'స్‌హేల్' అవుతుంది. ఉర్దూలో మొదటి 'ఉ' 'ఒ' వైపు జారి 'సొహైల్' అయింది. ఇరాన్‌లో సొహేల్, తుర్కీలో సుహెయిల్. ఇక మన దగ్గర రెండచ్చుల మధ్య 'హ' నిలవదు, జనం నోట సోయల్, సువేల్ అయిపోతుంది. సువేల అనేది రామాయణంలో లంక దగ్గరి కొండ పేరు, దీనికీ దానికీ చుట్టరికం లేదు.

ఇక ప్రవక్తను ఎదిరించినవాడి పేరన్న మాట. వాళ్ళు చెప్పింది సుహైల్ ఇబ్న్ అమ్ర్ గురించి. మక్కాలోని ఖురైష్ తెగలో గొప్ప వక్త. 624లో బద్ర్ యుద్ధంలో బందీ అయ్యాడు. ఇక మనకు వ్యతిరేకంగా ఉపన్యాసాలివ్వకుండా ఇతని ముందు పళ్ళు పీకించమంటారా అని ప్రవక్త సహచరుడు ఉమర్ అడిగితే ప్రవక్త ఒప్పుకోలేదు. ఏదో ఒకరోజు మీరు తప్పుపట్టలేని మాట ఇతని నోట వస్తుందేమో అన్నారు. 628లో హుదైబియా దగ్గర మక్కా తరఫున సంధి మాట్లాడటానికి ఎదురుగా వచ్చింది ఈ సుహైలే. దూరం నుంచి అతన్ని చూసి ప్రవక్త ఆ పేరునే శుభశకునంగా తీసుకున్నారు. 'ఇక మీ పని సులువైంది' అన్నారు. ఆ సులువుకు వాడిన అరబీ మాట ఈ ధాతువే. పత్రంలో 'అల్లాహ్ ప్రవక్త' అనే మాట రాయనివ్వనని పట్టుపట్టింది కూడా అతనే, అది నిజం. అయితే కథ అక్కడ ఆగిపోలేదు. 630లో మక్కా స్వాధీనమయ్యాక ఇస్లాం స్వీకరించాడు. 632లో ప్రవక్త మరణవార్త విని మక్కా తడబడినప్పుడు ఊరి నడుమ నిలబడి మాట్లాడి జనాన్ని నిలబెట్టింది అతని గొంతే. ఉమర్ పీకిస్తానన్న పళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు ఆ రోజు విలువ తెలుస్తుంది.

అతనొక్కడే అనుకున్నా సరిపోదు. మదీనాలో మస్జిదున్నబవీ (ప్రవక్త మసీదు) కట్టిన స్థలం, అంతకుముందు ఖర్జూరాలు ఆరబోసుకునే కళ్ళం, సహ్ల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ అన్నదమ్ములది. ఊరికే ఇస్తామన్నా ప్రవక్త వెల కట్టి ఇచ్చాకే తీసుకున్నారు. తొలి ముస్లింలలో ఒకరైన సుహైల్ ఇబ్న్ బైదా చనిపోయినప్పుడు జనాజా నమాజును (అంత్యక్రియల ప్రార్థనను) ప్రవక్త మసీదు లోపలే చేయించారు. మసీదులో జనాజా నమాజు చెల్లుతుందా అన్న చర్చ వచ్చినప్పుడల్లా ఈయన పేరు వస్తుంది. ఇంట్లో ఎవరైనా ఆ ఎదిరించినవాడి సంగతి మళ్ళీ ఎత్తితే ఆ కళ్ళం పిల్లవాణ్ణి తలచుకోండి చాలు.

ఈ పేరు ఎంత దూరం వెళ్ళిందో చూస్తే ముచ్చటేస్తుంది. స్పెయిన్ దక్షిణ తీరంలో ఫుయెన్‌హిరోలా అనే ఊళ్ళో కొండ మీది కోట పేరు ఇప్పటికీ సొహైల్ కోట. అండలూసియాలో ఆ కొండ మీది నుంచే సుహైల్ చుక్క కనిపిస్తుందని ఆ పేరు వచ్చింది. అక్కడ అది ఒక డిగ్రీకి మించి పెద్దగా పైకి రాదు, సముద్రాన్ని తాకినట్టు కనిపించి మునిగిపోతుంది. ఆ ప్రాంతంవాడే అంధ పండితుడు అస్సుహైలీ, 1185లో మరాకష్‌లో కన్నుమూశాడు. ఉమర్ ఇబ్న్ అబీ రబీఆ అనే పాత అరబీ కవి సురయ్యా అనే ఆమెకు సుహైల్ అనే ఆయనతో పెళ్ళి చేసినప్పుడు ఆ పేర్లనే పట్టుకుని నిలదీశాడు: కృత్తికలు ఉత్తరాన పొడుస్తాయి, సుహైల్ దక్షిణాన యెమన్ దిక్కున పొడుస్తాడు, వీళ్ళిద్దరూ ఎక్కడ కలుస్తారని. సురయ్యా అంటే కృత్తికలే. మన దక్కనుకు వస్తే, 1597లో గోదావరి ఒడ్డున మొగలుల ఖాన్-ఎ-ఖానాన్ అబ్దుర్రహీంను ఎదుర్కొన్న బిజాపూర్ సేనాని పేరు సుహైల్ ఖాన్. ఆయన వెంట గోల్కొండ సైన్యం కూడా ఉంది. మన పంచతంత్రం పహ్లవీలోకి, అరబీలోకి వెళ్ళి, 15వ శతాబ్దం చివర హెరాత్‌లో మళ్ళీ పారసీక రూపం ఎత్తినప్పుడు దానికి పెట్టిన పేరు 'అన్వార్-ఎ-సుహైలీ', సుహైల్ కాంతులు. రాయించిన అమీరు పేరు సుహైలీ, అదే అందులో కలిసింది.

కోడలి ప్రశ్నకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. హైదరాబాదులోనూ రాయలసీమ పట్టణాల్లోనూ ఇది అరుదైన పేరు కాదు. 1996 ప్రపంచకప్పులో బెంగుళూరు మ్యాచ్ చూసినవాళ్ళకు ఆమిర్ సొహైల్ గుర్తుంటాడు, 2008లో మొదటి ఐపీఎల్‌లో అందరికంటే ఎక్కువగా 22 వికెట్లు తీసింది సొహైల్ తన్వీర్. ఎమిరేట్స్‌లో, ఒమన్‌లో అయితే ఇది ఇంటింటి పేరు. పేర్ల సైట్లలో 'అరుదు', 'వెయ్యిలో ఒకరు' అని చూపించే అంకెలను నమ్మకండి. అవి ఎక్కడివో ఎవరూ చెప్పరు, చాలావరకు అమెరికా, ఇంగ్లండు జాబితాల నుంచి ఎత్తినవి. మీకు కావలసింది మీ ఊరి లెక్క. దానికో దారి ఉంది. మీ పోలింగు కేంద్రపు ఓటర్ల జాబితా ఎన్నికల సంఘం సైటులో తెలుగులోనే దొరుకుతుంది. అందులో ఈ పేరును సుహైల్, సొహైల్, సోహెల్, సోహేల్ అని నాలుగు రకాలుగానూ వెతకండి. ఒకే రూపం వెతికి 'లేదు' అనుకోవడం అందరూ చేసే పొరపాటు. ఓటర్లు పెద్దవాళ్ళే కాబట్టి పిల్లల సంగతి దానివల్ల తెలియదు. దగ్గరి అంగన్‌వాడీలో, వాడు చేరబోయే బడిలో ఒకటో తరగతి హాజరు పట్టీ చూసినవాళ్ళను అడగండి. ఒకే బడిలో ఇద్దరుంటేనే వాడికి ఇబ్బంది, ప్రపంచంలో ఎందరుంటే మాత్రం ఏం?

నిజంగా అరుదే కావాలంటే 'సహ్ల్' ఉంది. అర్థం అదే, చరిత్ర అంతే గట్టిది, మన వైపు దాదాపు వినిపించదు. కాని తెలుగు నోటికి చివరి రెండు హల్లులు కలిసి రావు, వారం తిరిగేలోగా 'సహల్' అయి కూర్చుంటుంది. సుహా అనే పేరు కూడా కొందరు సూచిస్తారు. అది సప్తర్షుల్లో వసిష్ఠుడి పక్కన మనం అరుంధతి అని చూపించే చిన్న చుక్క, ఆడపిల్లలకు పెట్టేది. సుహైల్‌తో దానికి సంబంధం లేదు. మా సలహా అడిగితే అరుదు కోసం పేరు మార్చవద్దు. సుహైల్ పేరున్నవాళ్ళు మన దగ్గర చాలామందే, కానీ ఆ పేరును అక్షరం చెడకుండా రాసుకున్నవాళ్ళు తక్కువ. మీరు ఆ తక్కువమందిలో చేరండి.

కాగితాలు: ఆసుపత్రిలో ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో సోహెల్ అని ఉంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. పట్టించుకోవలసింది ఆసుపత్రి నుంచి మునిసిపాలిటీకి వెళ్ళే జనన నివేదికను. పుట్టిన 21 రోజుల్లోపు అది చేరాలి. అది ఇంకా వెళ్ళకపోతే ఇవాళే వెళ్ళి, పేరు గడి ఖాళీగా వదలమనండి. పేరు లేకుండా కూడా జననం నమోదవుతుంది. నమోదైన 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు. ఆ తర్వాత 15 ఏళ్ళదాకా రుసుము కట్టి చేర్పించవచ్చు. కాని అంతదాకా ఆగకండి. సోహెల్ అని ఇప్పటికే నమోదైపోయి ఉంటే దాన్ని చేర్చడం అనరు, దిద్దుబాటు అంటారు. అందుకు వేరే దరఖాస్తు, ఆధారపత్రాలు కావాలి. రెండూ ఒకటే అనుకుని తప్పు దరఖాస్తు ఇస్తే కాలం వృథా. మరో దరఖాస్తు రాసుకోవలసి వస్తుంది.

ఈ ఒక్క కాగితం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవాళ్ళకు పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. బడి, పాస్‌పోర్టు అన్నీ దాన్ని చూసే నడుస్తాయి. పిల్లల ఆధార్ కూడా దీన్నిబట్టే తీసుకుంటారు. ఆధార్‌లో పేరు మార్పుకు జీవితకాలంలో రెండు అవకాశాలే ఉన్నాయి, వాటిని చిన్నప్పుడే ఖర్చు చేయకూడదు.

తెలుగులో 'సుహైల్' అని రాయించండి. స కింద కొమ్ము, హకు ఐత్వం, చివర ల్. సోహేల్, సుహేల్ వద్దు. ఇంగ్లీషులో ఎస్, యు, హెచ్, ఎ, ఐ, ఎల్. యు బదులు ఓ రాసేది ఉర్దూ పలుకుబడి. అది తప్పు కాదు గానీ మీ పిల్లవాడి కాగితాలు ఏదో ఒకరోజు గల్ఫ్‌లో అరబీలోకి ఎక్కుతాయి. అక్కడ టైపు చేసే మనిషి ఇంగ్లీషు అక్షరాలు చూసి అరబీ రాస్తాడు. ఓ, ఇ కనిపిస్తే వావ్ అనే అక్షరం చేర్చి వేరే పేరు చేసే అవకాశం ఉంది. యు, ఎ, ఐ ఉంటే సరైన సుహైల్ వెంటనే గుర్తుపడతాడు, అరబ్బుల పాస్‌పోర్టుల్లో కూడా తరచుగా కనిపించే రూపం అదే.

ఇంకో రెండు సంగతులు. వట్టి సుహైల్ అని ఒకే మాట రాయించకండి. పాస్‌పోర్టులో ఇచ్చిన పేరు, ఇంటిపేరు అని రెండు గడులుంటాయి. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవాళ్ళపై ఎమిరేట్స్ 2022 నవంబరులో ఆంక్షలు పెట్టింది. మీ ఇంట్లో పేరుకు ముందు షేక్ ఉంటే, అది ఇంటిపేరు గడిలోకి పోవాలా పేరులో భాగమా అన్నది ఇప్పుడే తేల్చుకుని తండ్రి పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే ఉంచండి. రెండోది, షేక్‌ను 'ఎస్.కె.' అనీ, మొహమ్మద్‌ను 'ఎండి' అనీ పొట్టిగా రాయనివ్వకండి. బడి రిజిస్టరులో పొట్టిగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్లు రాయించుకుంటూ తిరగాల్సి వస్తుంది.

చివరగా, వాడికి వాడి చుక్కను చూపించండి. ఆగస్టు మొదటి వారానికే మన వైపు అది తెల్లవారుజామున పొడుస్తుంది గానీ మబ్బుల్లో కనిపించడం కష్టం. ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య దక్షిణం వైపు అడ్డు లేని మిద్దె ఎక్కండి. నడి ఆకాశానికి దగ్గర్లో మృగశిర, దాని కింద ఎడమగా ధగధగలాడే లుబ్ధకం కనిపిస్తాయి. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు పది డిగ్రీలు. లుబ్ధకం నుంచి నేరుగా కిందికి దక్షిణానికి మూడున్నర పిడికిళ్ళు దిగండి. నేలకు రెండు పిడికిళ్ళ ఎత్తున ఒక్కటే నిబ్బరంగా వెలుగుతుంది, ఆ చుట్టుపక్కల దానికి సాటివచ్చే చుక్క లేదు. కిందికి వచ్చినకొద్దీ గాలి పొరల వల్ల అది వణుకుతూ రంగులు మారినట్టు ఉంటుంది, పాత అరబ్బులు కూడా ఆ వణుకును గుర్తించారు. ఇంగ్లీషు నక్షత్రపటంలో 'సుహైల్' అని వెతికితే ఇది దొరకదు. అక్కడ ఆ పేరు తెరచాప నక్షత్రమండలంలోని, దీనికంటే మసకైన ఇంకో చుక్కకు ఇచ్చేశారు. మీవాడి చుక్క పటంలో కనోపస్ అనే ఉంటుంది.